నవలైతే పాతది, కథైతే కొత్తది

మొన్న డిసెంబర్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, నా దగ్గర వెయ్యి రూపాయలున్నాయి, పాతవి కొననా కొత్తవి కొననా? తొందరగా చెప్పు, ఇక్కడ జనం తోసేస్తున్నారు." ఒకటో తరగతి నుంచీ ఇంగ్లిష్ మీడియం, తెలుగు అంటే పరీక్షకి ముందురోజు బట్టీ పట్టేదే. ఇప్పుడు ఉద్యోగంలో చేరాక తెలుగు పుస్తకాలు చదవాలని బుద్ధి పుట్టింది. నేనేమైనా పండితుణ్ణా అంటే కాదు, బ్యాంకులో కౌంటర్ ఉద్యోగం, మెట్రోలో సీటు దొరికితే నలభై పేజీలు, దొరక్కపోతే పది. అయినా అడిగింది కదా అని అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పేశాను: నవల కొంటే పాతది కొను, కథలు కొంటే కొత్తవి కొను. ఫోన్ పెట్టేశాక, అసలు ఎందుకలా అన్నానా అని కూర్చుని ఆలోచిస్తే, అన్నది నిజమేననిపించింది.

పాత నవల అంటే నాకు ముందు గుర్తొచ్చేది డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు'. 1957 ప్రాంతంలో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ 1961లో చాలా చిన్న వయసులోనే పోయారు, నవల ఇదొక్కటే. విశాఖపట్నం, అద్దెగదులు, మెడిసిన్ చదువుతూ ఎటు లాగితే అటు పోయే ప్రకాశం, బుద్ధిమంతురాలు కల్యాణి, వీళ్ళందరి మధ్య ఇందిర. కథానాయిక కల్యాణే అనుకుంటూ మొదలుపెడతాం. కాసేపటికి మన కళ్ళు ఇందిర ఎప్పుడొస్తుందా అని వెతుకుతుంటాయి. తనే ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతుంది, తనకి ఏం కావాలో తనకి తెలుసు, దానికోసం ఇంకొకరి పొయ్యిలో నీళ్ళు పోయాల్సొచ్చినా పెద్దగా వెనకాడదు. అప్పటి సినిమాలో అయితే ఇలాంటి పిల్లకి ఆఖరి రీల్లో బుద్ధొచ్చి ఏడ్చి తీరాలి. శ్రీదేవి ఆమెని ఏడిపించదు, శిక్షించదు, అలాగని నెత్తిన పెట్టుకుని ఊరేగించదు కూడా. ఇదే నవల ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా తీశారు. సినిమా సరదాగానే ఉంటుంది కానీ ఈ ఇందిర అందులో దొరకదు.

ఇక్కడో చిన్న గోడు. నా కాపీలో ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, రెండుసార్లు పడింది, ఆ తర్వాత రావాల్సిన ఫారం అసలు లేదు. సరిగ్గా కథ ముదిరిన చోట. ఎవరు వేశారో చెప్పను గానీ, దుకాణానికి తీసుకెళ్తే "ఆ ఎడిషన్ అయిపోయింది సార్, వేరేది ఏదైనా తీసుకోండి" అన్నాడు. ఆ పదహారు పేజీల కోసం మా కొలీగ్ దగ్గర పాత ప్రింటు అడిగి తెచ్చుకుని, భోజనం టైములో క్యారేజీ మూతలు కూడా తీయకుండా చదివాను. కొత్త నవల దేనికైనా ఇంత పని చేస్తానా అంటే, అనుమానమే.

ఎందుకిలా అంటే, అప్పటి నవలకి వారపత్రిక అనే కాపలా ఉండేది. వారం వారం రాయాలి, వారం వారం జనం చదవాలి, ఈ వారం విసుగు పుట్టిస్తే వచ్చే వారం ఉత్తరాల్లో తిడతారు. దాంతో ఎంత పెద్ద ఆలోచన ఉన్నా కథ నడవక తప్పేది కాదు. ఇప్పుడా పత్రికలు చాలావరకు మూతపడ్డాయి. నవల రాసేవాళ్ళలో చాలామంది పోటీ ప్రకటన చూసి, గడువు చూసుకుని, ఒంటరిగా కూర్చుని రాస్తున్నారు. రాసింది నలుగురి కళ్ళలో పడేసరికే అచ్చయిపోయి ఉంటోంది. మధ్యలో "ఈ నలభై పేజీలు తీసెయ్యవయ్యా" అనే మనిషి లేడు. నాకు కొత్త నవలల్లో కనబడే జబ్బు సగం అదే.

అలాగని పాతవన్నీ గొప్పవని నేనన్నానా? విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ కథ జరిగే సుబ్బన్నపేట పొలిమేర దాటలేకపోయాను. పి.వి. నరసింహారావు గారు దాన్ని మొత్తం హిందీలోకి 'సహస్రఫణ్'గా తెచ్చారు. అంత పని పెట్టుకుని ఆయనకి అనువదించే ఓపిక ఉంది, చేతిలో ఫోన్ పెట్టుకున్న నాకు చదివే ఓపిక లేదు, ఏం చేస్తాం. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' డిగ్రీలో చదివితే అందులో కథానాయకుడు దయానిధి నేనే అనిపించాడు, నలభై దాటాక చదివితే లెంపకాయ కొట్టాలనిపించింది. పుస్తకం మారలేదు కదా, మారింది నేనే, అందుకని దాని మీద తీర్పు చెప్పను. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మాత్రం మొదటి భాగం చదివి ఆపేయండి. మొగల్తూరు నుంచి బయల్దేరిన మనిషి మద్రాసులో దొరసాని టోపీ కొనుక్కుని నెత్తిన పెట్టుకునే చోటు చదువుతూ మెట్రోలో పైకే నవ్వేస్తే పక్కాయన లేచి వేరే సీటుకి వెళ్ళిపోయాడు. 1924 నాటి పుస్తకానికి ఇంత దమ్ముంది. తర్వాతి భాగాల్లో ఆ అల్లరి తగ్గిపోయింది.

'కన్యాశుల్కం' నాటకం కదా, నవలల్లో ఎలా కలుపుతావు అంటారేమో. నేను చదివింది నవలలాగే. 1897లో వచ్చినదాన్ని గురజాడ దాదాపు తిరగరాసి 1909లో మళ్ళీ వేశారు, మనం చదివేది ఆ రెండోదే. మొదటిసారి కళ్ళతో చదివితే నాకు సగం ఎక్కలేదు, ఆ విజయనగరం మాట, ఆ యాస, ఆ సామెతలు. తర్వాత ఒక సంక్రాంతికి బొబ్బిలి వైపు మా పెద్దమ్మ ఇంట్లో, ఆవిడ చేత పైకి చదివించాను. కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని, అరిసె నంజుకుంటూ, రామప్ప పంతులు మాటలు ఒక గొంతులో మధురవాణి మాటలు ఇంకో గొంతులో చదివేసింది. నేను ఫుట్‌నోట్సు చూసి అర్థం చేసుకున్న మాటలు ఆవిడకి వంటింటి మాటలు. "ఇందులో కష్టమేముందిరా, మా మేనత్త ఇలాగే మాట్లాడేది" అంది. పాతది కష్టం అని మనం అనుకునేది చాలాసార్లు పాతదనం కాదు, పక్క జిల్లాతనం.

ఇక కొత్త నవలలు. నా మాటకి ఎదురు సాక్ష్యం చెప్పేది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'. అమెరికాలోని తెలుగు సంఘం తానా 2019లో పెట్టిన నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమా కూడా అయింది. కరువొస్తే గొర్రెల్ని నల్లమలలోకి తోలుకుపోయి వారాల తరబడి అక్కడే ఉండే కాపర్లు, వాళ్ళతో వెళ్ళిన బీటెక్ కుర్రాడు. గొర్రెని దాని నడకని బట్టి, అరుపుని బట్టి గుర్తుపట్టడం, పులి వాసన మందకి తెలిసిపోవడం, ఇవన్నీ రాయాలంటే లైబ్రరీలో కూర్చుంటే కుదరదు. అయితే అక్కడక్కడా అడవిని కాపాడుకోవాలి అనే పాఠం చెప్పడం మొదలవుతుంది, అప్పుడు నాకు చిన్నగా ఆవలింత వస్తుంది. దీని పక్కన కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' పెట్టి చూడండి. అది 1980ల నాటిది, అంటే పాతా కాదు కొత్తా కాదు. ఒక ముసలివాడు, ఈనిన పంది, అడవి, ఒక్క రాత్రి, అంతే. ఒక్క పాఠం లేదు, ఒక్క పేజీ ఎక్కువ లేదు. రెండింటిలో ఒకటే కొనగలిగితే నేను కేశవరెడ్డిది కొంటాను. కానీ ఇప్పుడు రాస్తున్నవాళ్ళ నవల ఒకటి చదవాలంటే మాత్రం కొండపొలమే.

బండి నారాయణస్వామి 'శప్తభూమి' కూడా ఉంది, 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దానికే. రాయలసీమ చరిత్ర మీద ఇష్టం ఉంటే వదలొద్దు, లేకపోతే పేర్లూ పరగణాలూ గుర్తుపెట్టుకోలేక అవస్థ పడతారు. రీల్స్ పుణ్యమా అని అమ్ముడుపోయిన 'అమ్మ డైరీలో కొన్ని పేజీలు' నేనూ చదివాను. రెండు సాయంత్రాల్లో అయిపోయింది, వారం తిరిగేసరికి పెద్దగా ఏమీ గుర్తులేదు. కానీ మా మేనకోడల్ని బుక్ ఫెయిర్ దాకా లాక్కొచ్చింది అలాంటి పుస్తకాలే, కన్యాశుల్కం కాదు. కాబట్టి దాన్ని వెక్కిరించే పని నేను పెట్టుకోను.

కథల దగ్గరికొస్తే తూకం తిరగబడుతుంది. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' బాగుంటాయి, బాపు బొమ్మలతో, కృష్ణ ఒడ్డుతో, గుడిగంటలతో. కానీ వందా వరసపెట్టి చదివితే నాకు మొహం మొత్తింది, పెళ్ళి భోజనంలో ఐదో స్వీటులాగా. రోజుకొకటి అయితే సరే. దాని తర్వాత ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' పట్టుకున్నాను. నెల్లూరు జిల్లా ముస్లిం ఇంట్లో చిన్నపిల్లాడి కళ్ళతో చూసిన లోకం, అక్కడి యాసలో. ముప్పై ఏళ్ళు తెలుగు చదివినవాణ్ణి, పక్కవీధిలోనే ఉండే ఆ ఇంటి తలుపు నాకెవరూ అంతకుముందు తీసి చూపించలేదే అనిపించింది. రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' అలాంటిదే, గోర్ బంజారా తండాల కథలు, 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మొదటి రెండు కథలు అడ్డం తిరిగాయి, మాటలు తెలియక. మూడో కథ నుంచి తెలియని మాట దగ్గర ఆగడం మానేశాను, అప్పుడు కథే చెయ్యి పట్టుకుని నడిపించింది.

పాత కథల్లో గొప్పవి లేవా అంటే, కారా మాస్టారి, అంటే కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' ఒక్కటి చాలు నా నోరు మూయించడానికి. 1960ల నాటి కథ, అప్పు గురించి. ఆఖరి పేజీ చదివాక ఆ రోజు కౌంటర్లో లోన్ కాగితాల మీద స్టాంపు వేస్తుంటే చెయ్యి ఆడలేదు. అయినా నా ఓటు మారదు, ఎందుకంటే పాత కథల్లో ఎక్కువ భాగం ఏవో నాలుగైదు జిల్లాల్లో, కొన్ని ఇళ్ళలోనే తిరుగుతుంది. ఇప్పటి కథ తండా, వాడ, మసీదు వీధి అన్నీ తిరుగుతోంది. పైగా కథ బాగాలేకపోతే పోయేది ఇరవై నిమిషాలు, నవల బాగాలేకపోతే పోయేది నెల. ఎవరివి చదవాలో తెలియకపోతే కథాసాహితి వాళ్ళు 1990 నుంచి ఏడాదికొకటి వేస్తున్న 'కథ' సంకలనాల్లో ఏదో ఒకటి పట్టుకోండి. అందులో నచ్చిన పేరు చూసుకుని, ఆ రచయిత పుస్తకం కొనుక్కోవచ్చు.

మా పిల్ల ఆ రోజు నా మాట సగమే విన్నది. కాలాతీత వ్యక్తులు, దర్గామిట్ట కతలు, ఒక 'కథ' సంకలనం కొంది. మిగిలిన డబ్బులతో ఏం చేశావే అంటే మిర్చిబజ్జీలు అంది. మూడు వారాల తర్వాత రాత్రి పదకొండింటికి ఫోన్. "మామయ్యా, ఇందిర చేసిన దాంట్లో అసలు తప్పేముంది?" కల్యాణి సంగతేమిటి మరి అన్నాను. "కల్యాణిని వదిలెయ్, ముందు దీనికి చెప్పు" అంది. ఒంటిగంట దాకా తేలలేదు, ఆదివారం ఇంటికొచ్చి తేలుస్తానంది.