ఆరేళ్లుగా అమ్మ జబ్బకు కడుతున్న బీపీ మిషన్

మా అమ్మకు ఇప్పుడు 76 ఏళ్లు. జబ్బకు పట్టీ చుట్టి చూసే డిజిటల్ బీపీ మిషన్ కొని ఆరేళ్లయింది. మిషన్ గురించి చెప్పాల్సింది తక్కువే. నాలుగు పెన్సిల్ సెల్స్ మా వాడకానికి ఎనిమిది నెలలు వస్తాయి. అంకెలు అమ్మ కళ్లజోడు లేకుండానే చదువుకుంటుంది. నాలుగో ఏడు పట్టీ వెల్‌క్రో పట్టు వదిలేసి, గాలి ఎక్కుతుంటే ఊడిపోయేది. పట్టీ ఒక్కటే విడిగా కొన్నాం. కొనేముందు టేపుతో జబ్బ చుట్టుకొలత చూసుకోండి. మాకు వచ్చింది 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికే సరిపోతుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

మొదటి రెండు నెలలూ తప్పుగానే చూశాం. అమ్మ వంటింట్లోంచి వచ్చి, మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని కబుర్లు చెబుతుంటే బటన్ నొక్కేదాన్ని. 168 వచ్చేది. ఇద్దరికీ టెన్షన్. తర్వాత డాక్టరు గారే పద్ధతి చెప్పారు. బాత్రూంకి వెళ్లొచ్చి, కుర్చీకి వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. ఉదయం మాత్ర వేసుకోకముందు, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. అలా చూస్తే 146, 142 వచ్చాయి. ఇంట్లో చూసే సగటు 135/85కి చేరినా, దాటినా ఎక్కువనే లెక్క కాబట్టి మందు అవసరమే, కానీ 168 చూసి పడ్డ కంగారు మాత్రం అనవసరం.

ఈ మిషన్ విలువ నాకు నిజంగా తెలిసింది పోయినేడాది. మందు పెంచాక అమ్మ పొద్దున లేవగానే గోడ పట్టుకుని నడిచేది. కూర్చోబెట్టి చూస్తే 128/74. బాగానే ఉంది కదా అనుకున్నాను. డాక్టరు గారికి ఫోన్ చేస్తే నిలబెట్టి చూడమన్నారు, నిలబడ్డ నిమిషం తర్వాత ఒకసారి, మూడో నిమిషంలో ఇంకోసారి. పట్టీ కట్టిన చేతిని ఛాతీ ఎత్తున నేను పట్టుకున్నాను. రెండో చేత్తో అమ్మ నా భుజం పట్టుకుంది. గాలి దిగుతుంటే ఆ వేళ్లు బిగుసుకోవడం తెలుస్తూనే ఉంది. 102. నిలబడితే పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోవడం పెద్దవాళ్లలో ప్రమాదమట, కళ్లు తిరిగి పడితే తుంటి విరగొచ్చు. రాసిపెట్టిన నోట్‌బుక్ చూసి డాక్టరు గారు మోతాదు తగ్గించారు. మాత్ర మనంతట మనం మానకూడదు, ఆ పని వాళ్లదే. ఇలాంటి లెక్క చేతిలో ఉంటే వాళ్లకూ దారి కనిపిస్తుంది.

ఇప్పుడు నేను ఊళ్లో లేకపోయినా అమ్మే పట్టీ కట్టుకుంటుంది. ఆ ఐదు నిమిషాలు ఎవరు ఫోన్ చేసినా ఎత్తదు.