గేర్‌బాక్స్ ఆయిల్ మార్చామని బిల్లు చూపించి పాత లగ్జరీ కార్లు అమ్ముతున్నారు, జాగ్రత్త

బెంగళూరులో సెకండ్ హ్యాండ్ జర్మన్ కారు కొనాలని చూస్తున్న మన తెలుగువాళ్లకు ఒక మాట. "గేర్‌బాక్స్ ఆయిల్ మొన్ననే మార్పించాం సార్, బిల్లు కూడా ఉంది" అని అమ్మేవాళ్లు చెబితే, ఆ బిల్లు చూసి ధైర్యపడి డబ్బు కట్టేయకండి. నేను అలాగే కట్టాను. నాకైన ఖర్చు, నడిరోడ్డు మీద మా ఇంట్లోవాళ్లు పడ్డ భయం ఇంకో కుటుంబానికి రాకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

నాది 2014 మోడల్ డీజిల్ సెడాన్. 94,000 కిలోమీటర్లు తిరిగింది. 8 గేర్ల ఆటోమేటిక్, జెడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీ వాళ్లు తయారు చేసిన గేర్‌బాక్స్. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక పాత కార్ల షోరూమ్‌లో 12 లక్షల 40 వేలకు తీసుకున్నాను. ఈ వయసు కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్ మార్చకపోతే ముందు ముందు పెద్ద ఖర్చు వస్తుందని తెలుసు కాబట్టి మొదటి ప్రశ్నే అది అడిగాను. అతను ఫైల్ తెరిచి ఒక గ్యారేజీ బిల్లు ముందు పెట్టాడు. 'ఏటీఎఫ్, ఫిల్టర్ చేంజ్ – 16,500' అని ఒకే ఒక్క లైను. ఏటీఎఫ్ అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్. ఏ కంపెనీ ఆయిలో, ఎన్ని లీటర్లో, పార్ట్ నంబర్ ఏమిటో ఏదీ లేదు. అప్పుడే ఆగాల్సింది.

ఇంకో సంగతి కూడా అప్పుడు పట్టించుకోలేదు. మేం టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లేసరికే కారు స్టార్ట్ చేసి ఏసీ వేసి ఉంచారు. మర్యాద చేస్తున్నారనుకున్నాను. ఆయిల్ తక్కువున్న గేర్‌బాక్స్ బండి చల్లగా ఉన్నప్పుడే ఎక్కువగా బయటపడుతుంది. వేడెక్కాక ఆయిల్ వ్యాకోచించి లెవెల్ కాస్త పెరుగుతుంది, ఆ లోపం దాక్కుంటుంది. అందుకే చూడ్డానికి వెళ్లే ముందు ఫోన్ చేసి "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని గట్టిగా చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆ రోజుకు వెనక్కి వచ్చేయండి.

ఇంటికి తెచ్చిన మూడో రోజు ఉదయం బేస్‌మెంట్‌లో రివర్స్ వేసి బ్రేక్ వదిలాను. బండి కదల్లేదు. రెండు మూడు సెకన్లు ఆగి 'ధడ్'మని వెనక్కి వెళ్లింది. చలికి అనుకున్నాను. తర్వాత వారం అమ్మానాన్నలను ఎక్కించుకుని అనంతపురం బయల్దేరాం. దేవనహళ్లి దాటాక 60 స్పీడులో మెల్లగా యాక్సిలరేటర్ నొక్కితే, రంబుల్ స్ట్రిప్ మీద వెళ్తున్నట్టు సన్నగా అదురు మొదలైంది. వెనక కూర్చున్న నాన్న "ఏమిరా, రోడ్డు బాగానే ఉంది గదా, బండెందుకు అదురుతాంది?" అన్నాడు. బాగేపల్లి దగ్గర లారీని ఓవర్‌టేక్ చేయబోతే గేర్ మారే చోట పట్టు జారింది. ఆర్‌పీఎమ్ ఒక్కసారిగా 4,000 దాకా లేచింది, బండి మాత్రం ముందుకు వెళ్లలేదు. వెనక నుంచి బస్సు వేగంగా వస్తోంది. బ్రేక్ వేసి మళ్లీ లారీ వెనక్కి చేరాను. అమ్మ ఊరు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

తిరిగొచ్చాక కేఆర్ పురం వైపు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు మాత్రమే చేసే ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. హిందూపురం అబ్బాయి. బండిని లిఫ్ట్ మీదికి ఎక్కించి, కింద ప్లాస్టిక్ కవర్లు విప్పి, టార్చ్ వేసి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"అన్నా, ఇది చూడు. ఈ పాన్ ఇంతవరకూ ఎవరూ దించలేదు."

ఈ గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ పాన్ ప్లాస్టిక్‌ది. ఫిల్టర్ అందులోనే కలిసి ఉంటుంది, విడిగా రాదు. ఫిల్టర్ మార్చడమంటే పాన్ మొత్తం మార్చడమే. ప్లాస్టిక్ సామాన్ల మీద అచ్చులోనే తయారైన నెల, సంవత్సరం చిన్న గుండ్రటి గుర్తుగా పడుతుంది, మధ్యలో బాణం గుర్తుతో. నా పాన్ మీద మట్టి తుడిస్తే 14 అని కనబడింది. బోల్టుల చుట్టూ పదేళ్ల దుమ్ము గట్టిపడి ఉంది. ఒక్క బోల్టు మీద కూడా పానా పెట్టిన గీత లేదు. డ్రెయిన్ ప్లగ్ మాత్రం కొత్తగా మెరుస్తోంది. అంటే ప్లగ్ విప్పి కారినంత ఆయిల్ వదిలేసి, పైన ఏదో పోసి, ఫిల్టర్‌కు కూడా బిల్లు రాశారు.

ఆయిల్ దించి కొలిచాడు. రావాల్సిన దానికంటే దాదాపు లీటరు తక్కువ వచ్చింది. మాడు వాసన. పాన్‌లోని అయస్కాంతాల మీద నల్లటి బురద మందంగా ఉంది. ఆ మెత్తటి పొడి అరుగుదల వల్ల అందరి బండ్లలోనూ ఉంటుందట. లోహపు ముక్కలు కనిపిస్తేనే కంగారు పడాలన్నాడు. నా దాంట్లో ముక్కలు లేవు, అదొక్కటే ఊరట. బిల్లు మీదున్న నంబర్‌కు అక్కడే నిలబడి ఫోన్ చేస్తే, ఎత్తిన కుర్రాడు "అన్ని ఆటోమేటిక్ బండ్లకూ మేం ఒకటే ఆయిల్ పోస్తాం సార్" అన్నాడు.

అలా కుదరదు. ఈ ఆయిల్ కేవలం జారుడు కోసం కాదు. గేర్లు మార్చే ఒత్తిడి దానిదే, చల్లబరిచేది అదే, లోపలి క్లచ్ ప్లేట్లు ఎంత పట్టుకోవాలో ఎంత జారాలో నిర్ణయించేదీ అదే. ఆ జారుడు లెక్క తప్పితే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లాక్ అయ్యే చోట నాకు వచ్చిన అదురే వస్తుంది. జెడ్‌ఎఫ్ 8 గేర్ల వాటికి లైఫ్‌గార్డ్ 8 అనే ఆయిల్ విడిగా ఉంది. మెర్సిడెస్ 7జీ-ట్రానిక్‌లో పాతవాటికి ఎరుపు ఆయిల్, తర్వాతి ప్లస్ రకానికి నీలం. ఒకదాని బదులు ఇంకొకటి పోయకూడదు.

ఎక్కువ గ్యారేజీలు తప్పు చేసేది లెవెల్ దగ్గర. ఈ గేర్‌బాక్సులకు ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ (డిప్‌స్టిక్) ఉండదు. పక్కన ఫిల్లర్ ప్లగ్ విప్పి, ఆయిల్ ఆ రంధ్రం అంచు నుంచి కారేదాకా నింపాలి. కానీ ఇంజిన్ ఆపి నింపి కారింది కదా అని మూసేస్తే, స్టార్ట్ చేయగానే పంపు ఆ ఆయిల్‌ను టార్క్ కన్వర్టర్‌లోకి లాగేస్తుంది, పాన్‌లో లెవెల్ పడిపోతుంది. అందుకే ఇంజిన్ నడుస్తుండగా, గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి తీసి, మళ్లీ నింపాలి. నా దానికి ఆయిల్ వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే చూడాలి, అదీ కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌లో అంకె చూసుకుంటూ. అంతకంటే వేడెక్కాక చూస్తే వ్యాకోచించిన ఆయిల్ కారిపోతుంది, చల్లారాక తక్కువవుతుంది. మా మెకానిక్ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి పెట్టాడు. 38 డిగ్రీల దగ్గర సన్నటి ధార కారింది, అది చుక్కలుగా మారగానే ప్లగ్ బిగించాడు. పని మొదలుపెట్టినప్పుడు కూడా ముందు ఫిల్లర్ ప్లగ్ విప్పి, ఆ తర్వాతే కింద డ్రెయిన్ విప్పాడు. ఆయిల్ అంతా వదిలేశాక పైది బిగుసుకుపోయి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది మరి.

"లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చనక్కర్లేదు" అని చెప్పేవాళ్లు కూడా కనిపిస్తారు. కొన్ని కార్ల కంపెనీలు అలా రాసిన మాట నిజమే. గేర్‌బాక్స్ తయారు చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది. సిల్క్ బోర్డ్, మారతహళ్లి ట్రాఫిక్‌లో రోజూ గంటలు నిలబడే బండికి నేనైతే 80,000 దాటనివ్వను.

కాబట్టి కొనే ముందు బిల్లులో ఆయిల్ పేరు, లీటర్లు, పాన్ పార్ట్ నంబర్ ఉన్నాయా చూడండి. ఒట్టి 'ఏటీఎఫ్ సర్వీస్' అని ఉంటే మార్చలేదనే లెక్కేసుకోండి. అడ్వాన్స్ ఇవ్వకముందే బండిని మీకు నమ్మకమున్న గ్యారేజీలో లిఫ్ట్ ఎక్కించి పాన్ మీద తేదీ చూడండి. పది నిమిషాల పని. అందుకు అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ బండి వద్దు. మార్పించే ఖర్చు ధరలోంచి ముందే తగ్గించమని అడగండి.

నాకు కొత్త పాన్, బోల్టులు, 7 లీటర్ల ఆయిల్, స్కానర్‌తో అడాప్టేషన్ రీసెట్ (గేర్‌బాక్స్ కంప్యూటర్ నేర్చుకున్న పాత లెక్కలు చెరపడం) అన్నీ కలిపి 41,000 అయింది. రివర్స్ ఇప్పుడు వెంటనే పడుతోంది, పట్టు జారడం పోయింది. 60 దగ్గర అదురు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఆ కొద్ది వారాల్లో కన్వర్టర్ క్లచ్ కొంత అరిగి ఉంటుందని, పెరిగితే విప్పాల్సిందేనని మెకానిక్ చెప్పాడు.

షోరూమ్‌కు వెళ్తే "ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నానని సంతకం చేశారు కదా" అన్నారు. నేను సంతకం చేసింది బండి స్థితికి, దొంగ బిల్లుకు కాదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొన్న ధర 5 లక్షల లోపైతే కేసుకు ఫీజు లేదు, కేసు రెండేళ్ల లోపు వేయాలి. మీకూ ఇలా జరిగి ఉంటే బిల్లులు, వాట్సాప్ చాట్లు ఏవీ తీసేయకండి. పాత పాన్ గ్యారేజీలో వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి. నాది కవర్‌లో చుట్టి బాల్కనీలో పెట్టాను, ఆ 14 అంకె కనబడేలా ఫోటో తీసి ఫిర్యాదుకు జత చేశాను.