తల్లి లేని గుర్రప్పిల్లకు పెంపుడు తల్లా, బకెట్ పాలా?

ఏ దారి పట్టినా ముందు ముర్రుపాలు. పుట్టిన ఆరు గంటల్లోపు విడతలుగా కనీసం లీటరు, లీటరున్నర పట్టించాలి. ఆలస్యమైతే ఆ పాలలోని రక్షక ప్రోటీన్లను పేగు పీల్చుకోలేదు. మర్నాడు రక్తపరీక్షలో ఐజీజీ (ఆ రక్షక ప్రోటీన్) డెసిలీటరుకు 800 మిల్లీగ్రాములు దాటాలి.

దొరికితే పెంపుడు తల్లే మేలు. పిల్లను పోగొట్టుకుని పాలు నిండుగా ఉన్న, సాధువైన గుర్రం కావాలి. దాని పాలే పిల్ల ఒంటికి రాసి, గుర్రం ముక్కు దగ్గర విక్స్ పూసి, పొదుగు బిగిశాక కలపాలి. గుర్రాన్ని ఒకరు, పిల్లను ఇంకొకరు పట్టుకోవాలి. మచ్చిక కావడానికి కొన్ని గంటల నుంచి మూడు రోజులు పట్టొచ్చు. అప్పటిదాకా రెంటినీ కాపలా లేకుండా వదలొద్దు, ఒక్క తన్నుతో పిల్ల పోతుంది.

బకెట్ పాలైతే వెతుకులాట ఉండదు, నిద్రా ఉండదు. 50 కిలోల పిల్ల రోజుకు 10–12 లీటర్లు తాగుతుంది. మొదటి వారం రాత్రుళ్లు కూడా రెండు గంటలకోసారి పోయాలి. గుర్రప్పిల్లల పాలపొడి దొరక్కపోతే 2 శాతం కొవ్వున్న ఆవుపాలలో లీటరుకు 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) కలపండి. పంచదార మాత్రం వద్దు, అరగక విరేచనాలవుతాయి. పొడి మరీ చిక్కగా కలిపినా కడుపు చెడుతుంది. సీసాకంటే బకెట్టే నయం: సీసా పైకెత్తి పట్టిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది.

మనుషుల మధ్యే పెరిగిన పిల్ల పెద్దయ్యాక జంకు లేకుండా తోస్తుంది, కరుస్తుంది. అందుకే బకెట్ అలవాటు కాగానే నెమ్మదైన ముసలి గుర్రాన్ని దానికి తోడుగా ఉంచండి.