టాండెమా, చెరో సైకిలా? ఇద్దరు కలిసి తీరం వెంట విరాళాల యాత్ర చేస్తే ఏది మేలు?

రెండూ తొక్కి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. మొదటిసారి నేనూ మా బావమరిదీ చెరో సైకిల్ మీద తొమ్మిది రోజులు, రెండోసారి ఇద్దరం ఒకే టాండెం మీద పదకొండు రోజులు. రెండూ సముద్రం పక్కనే, రెండూ ఒక సంస్థకి విరాళాలు పోగుచేయడానికే. టాండెం అంటే ఒకే ఫ్రేముకి రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళు ఉండే పొడుగు సైకిల్. ముందు కూర్చున్నవాడిని కెప్టెన్ అంటారు, హ్యాండిలూ బ్రేకులూ గేర్లూ అన్నీ అతని చేతిలోనే. వెనకవాడు స్టోకర్, ఆవిరి ఇంజన్‌లో బొగ్గు వేసేవాడికి ఉన్న పేరే అది, అతని పని తొక్కడం. చూడ్డానికి సరదా బండిలా ఉంటుంది గానీ రోజుకి అరవై, డెబ్బై కిలోమీటర్లు దాని మీద కూర్చుంటే తెలుస్తుంది సరదా ఎంతో.

చెరో సైకిల్‌తో వచ్చిన అసలు ఇబ్బంది వేగంలో తేడా కాదు, విశ్రాంతిలో తేడా. నేను రోజూ తొక్కేవాణ్ణి, వాడు యాత్ర ఖాయమయ్యాక సైకిల్ దుమ్ము దులిపినవాడు. ఎత్తు వచ్చిన ప్రతిసారీ నేను ముందు పైకి చేరి, కాళ్ళు చాపుకుని, నీళ్ళు తాగి, సముద్రం చూస్తూ పది నిమిషాలు కూర్చునేవాణ్ణి. వాడు రొప్పుకుంటూ వచ్చేసరికి 'వచ్చావా, పద' అని లేచేవాణ్ణి. అంటే బలం ఉన్నవాడికి పది నిమిషాల విశ్రాంతి, లేనివాడికి సున్నా. నాలుగో రోజుకి వాడు మాట్లాడటం మానేశాడు. ఐదో రోజు పొద్దున సంచి కడుతూ, 'బావా, నువ్వు నాకోసం ఆగుతున్నాననుకుంటున్నావు, నువ్వు రెస్ట్ తీసుకుంటున్నావంతే' అన్నాడు. వాడు అనేదాకా నాకు తట్టనేలేదు. ఆ తర్వాత వాడు పైకి చేరాకే గడియారం చూసి ఐదు నిమిషాలు ఆగాలని రూల్ పెట్టుకున్నాం. అది పనిచేసింది గానీ రోజులో గంట దాకా ఆ ఆగడాలకే పోయేది.

టాండెం మీద ఈ గొడవే ఉండదు. ఎవరి బలం ఎంతైనా ఇద్దరూ ఒకేసారి పైకి చేరతారు, ఒకేసారి దిగుతారు, ఒకేసారి ఆకలంటారు. మీ ఇద్దరి బలంలో తేడా బాగా ఉంటే నా ఓటు టాండెంకే.

కానీ దానికి దాని తిప్పలున్నాయి. మామూలు టాండెంలో ముందు పెడళ్ళనీ వెనక పెడళ్ళనీ ఎడమవైపు ఒక చైను కలిపేస్తుంది, అందుకని ఇద్దరి కాళ్ళూ ఒకే లెక్కన తిరగాలి. నాకు నిమిషానికి 85 చుట్లు తిరిగితే హాయి, వాడికి 65 దాటితే మోకాళ్ళు ఎగిరిపోతాయట. మధ్యలో ఎక్కడో 75 దగ్గర ఇద్దరం సమానంగా అసంతృప్తిగా తొక్కాం. పైగా వెనకవాడికి దారి కనపడదు. కనపడేది ముందువాడి వీపు. నేను గుంత చూసి హ్యాండిల్ బిగించి పట్టుకుంటాను, వాడికి ఏమీ తెలియదు, మొత్తం దెబ్బ వాడి సీటుకి తగులుతుంది. మొదటి రోజు మధ్యాహ్నం దాకా వెనక నుంచి ఒకటే కేక: 'బావా, చెప్పొచ్చుగా!' రెండో రోజుకి నాకు అలవాటైంది, గుంత, గేరు, బ్రేకు, ఎడమకి, ఆపుతున్నా, ఇలా రన్నింగ్ కామెంటరీ. మూడో రోజుకి ఆ మాటలు లేకుండానే నా భుజం కదలికని బట్టి వాడు సీట్లోంచి కాస్త లేవడం మొదలుపెట్టాడు. అంత దూరం వస్తే టాండెం బాగుంటుంది. అక్కడికి రావడానికి కనీసం నాలుగైదు సార్లు ముందుగా కలిసి తొక్కాలి, యాత్ర మొదటి రోజునే నేర్చుకుందామంటే కుదరదు.

ఇక గాలి. తీరం మీద సైకిల్ యాత్రని నడిపేది కాళ్ళు కాదు, గాలి. చదును నేల మీద ఒక మోస్తరు వేగం దాటాక మన శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది, వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. టాండెం మీద వెనకవాడు ముందువాడి నీడలో ఉంటాడు కాబట్టి బండి చీల్చే గాలి ఒక మనిషి చీల్చేదానికన్నా కొంచెమే ఎక్కువ, తొక్కేది మాత్రం నాలుగు కాళ్ళు. అందుకే చదునులో, ఎదురుగాలిలో అది ఆశ్చర్యపరిచేలా పోతుంది. ఎత్తుల మీద ఈ లాభం ఉండదు. అక్కడ లెక్క బరువుది, పైగా ఇద్దరి కాళ్ళూ సరిగ్గా కలవకపోతే ఏనుగుని తోస్తున్నట్టే.

చెరో సైకిల్ మీద కూడా ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కితే వెనకవాడికి పావు వంతు దాకా శ్రమ తగ్గుతుంది, కాదనను. కానీ ఆ లాభం రావాలంటే ముందువాడి వెనక చక్రానికి మీటరు లోపు ఉండాలి, సామాను మోస్తూ, అలవాటు లేని మనిషితో అది చెప్పినంత తేలిక కాదు. మా మొదటి యాత్రలో ఆరో రోజు వాడి ముందు చక్రం నా వెనక చక్రాన్ని రాసుకుంది. ఇలాంటప్పుడు పడేది వెనకవాడే, వాడి మోచెయ్యి చీరుకుపోయింది. అదీగాక సముద్రం మీంచి వచ్చే గాలి తరచుగా పక్క నుంచి కొడుతుంది, అప్పుడు చాటు దొరికేది సరిగ్గా వెనక కాదు, ఏటవాలుగా పక్కన. అక్కడ ఉండాలంటే రోడ్డు మధ్యకి రావాలి, లారీలు తిరిగే రోడ్డు మీద అది కుదిరే పని కాదు. గాలి విషయంలో టాండెందే పైచేయి.

ఏ బండైనా సరే రెండు సంగతులు మాత్రం మారవు. ఒకటి, పగలు నేల నీళ్ళకన్నా త్వరగా వేడెక్కుతుంది కాబట్టి ఎండ బాగా కాసే రోజుల్లో పదకొండు, పన్నెండు గంటల వేళకి సముద్రపు గాలి లేచి మధ్యాహ్నానికి ముదురుతుంది. తెల్లవారుజామునే బయల్దేరి ఆ లోపల రోజు దూరంలో సగానికి పైగా లాగించెయ్యాలి. రెండోది దిశ. అమెరికా పసిఫిక్ తీరం దారి దాదాపు 3,000 కి.మీ., దాన్ని ఎక్కువమంది ఉత్తరం నుంచి దక్షిణానికే తొక్కుతారు, ఎందుకంటే వేసవిలో అక్కడ గాలి వాయవ్యం నుంచి వీస్తుంది, పైగా కుడివైపు నడిచే దేశం కాబట్టి సముద్రం మనవైపే ఉంటుంది. స్కాట్లాండ్ హెబ్రిడీస్ దీవుల మీది 297 కి.మీ. దారిని దీనికి తలకిందులుగా దక్షిణం నుంచి ఉత్తరానికి తొక్కుతారు, అక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి కాబట్టి. గాలి దిశ చూసుకోకుండా 'మన ఊరివైపు ముగిస్తే బాగుంటుంది' అని ప్లాన్ వేసేవాళ్ళున్నారు, వాళ్ళకో దండం.

తీరం అంటే చదును అనుకోవడం ఇంకో పొరపాటు. ఇసుక తీరం ఒకటి, కొండ తీరం ఒకటి. ఫ్రాన్స్ అట్లాంటిక్ తీరం దారి రోస్కాఫ్ నుంచి హెండే దాకా 1,200 కి.మీ.కి పైగా ఉంటుంది, అందులో దక్షిణాన లాండ్ ప్రాంతం పైన్ అడవుల మధ్య చాలావరకు చదునే, టాండెంకి చేసి పెట్టినట్టుంటుంది. అదే ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ తీరమో కాలిఫోర్నియాలో బిగ్ సర్ తీరమో అయితే దారి వాగు దగ్గర కిందికి దూకుతుంది, మళ్ళీ కొండ అంచుకి ఎక్కుతుంది, రోజంతా అదే వరస. అలాంటి చోట్లకి నేను చెరో సైకిలే తీసుకెళ్తాను. ఎక్కడం కన్నా దిగడమే అసలు భయం. ఇద్దరు మనుషులు, ఇరవై కిలోల బండి, సామాను కలిసి 190 కిలోల దాకా పోతుంది, ఆపాల్సింది మాత్రం రెండే చక్రాలు. రిమ్ముని పట్టే బ్రేకులతో పొడుగు దిగుడులో రిమ్ము వేడెక్కి టైరు పేలే ప్రమాదం ఉంది. పెద్ద డిస్క్ బ్రేకులు లేని టాండెంని కొండ తీరానికి అద్దెకి తీసుకోకండి.

సామాను, రిపేర్లు, ప్రయాణం, ఈ మూడింట్లోనూ చెరో సైకిల్‌కే మార్కులు. టాండెంకి క్యారేజీలు ఇద్దరికీ కలిపి రెండే, అంటే నాలుగు సంచులు. వెనక ట్రైలర్, అంటే సామాను లాగే చిన్న బండి, తగిలించుకోవచ్చు గానీ అసలే పొడుగు బండి, దానికి తోక. రెండు సైకిళ్ళయితే ఎనిమిది సంచులు పడతాయి. రిపేర్ల సంగతి ఇంకా అన్యాయం. మా టాండెంకి వెనక గేరు కేబుల్ తెగింది. దగ్గరలో షాపు దొరికింది, కేబుల్ కూడా ఉంది, తీరా పెట్టి చూస్తే మూర పొట్టి! వెనక చక్రం దాకా పోవాలంటే మామూలు సైకిల్ కేబుల్ చాలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజు మిగిలిన ముప్పై కిలోమీటర్లూ ఒకే గేరులో. పొడుగు కేబుళ్ళు రెండు, స్పోకులు నాలుగు ఇంట్లోంచే తీసుకెళ్ళండి. చెరో సైకిల్ అయితే ఒకటి చెడినా రెండోదాని మీద ఒకరు వెళ్ళి సామాను తెస్తారు. ఇక్కడ చిన్న కిటుకు: రెండిటికీ ఒకే సైజు టైర్లు, ఒకే రకం బ్రేకు ప్యాడ్లు ఉండేలా చూసుకుంటే స్పేర్లు సగం మోస్తే చాలు. ఉప్పుగాలి మాత్రం ఎవరినీ వదలదు. సాయంత్రం ఆగగానే మంచినీళ్ళతో మెల్లగా కడిగి, గుడ్డతో చైను తుడిచి, రెండు చుక్కల నూనె వేస్తేనే మర్నాడు కిర్రుమనకుండా ఉంటుంది. టాండెంకి చైను మామూలుదానికి రెట్టింపు పైనే కాబట్టి తుడుపు కూడా అంతే.

రైళ్ళలో మామూలు సైకిల్‌ని ఎక్కించుకునే చాలాచోట్ల టాండెంని ఎక్కించుకోరు. రెండున్నర మీటర్ల దాకా ఉంటుంది మరి. ఫ్రేముని ముక్కలుగా విప్పే రకాలున్నాయి గానీ ఖరీదు. మాది అద్దెది, బయల్దేరే ఊళ్ళోనే తీసుకుని మళ్ళీ అక్కడికే చేర్చాలి. వ్యాను మాట్లాడుకోవడానికే రెండు రోజుల టెన్షన్. కొన్ని సైకిల్ బాటల మీద బండ్లు రాకుండా వంకర గేట్లు పెడతారు, మామూలు సైకిల్ ఒంపు తిరుగుతుంది, టాండెంని ఇద్దరం చెరోపక్కా పట్టి మంచంలా ఎత్తి దాటించాం.

ఇప్పుడు విరాళాల సంగతి. ఇక్కడ టాండెం నేను అనుకోనంత పని చేసింది. మొదటిది, జనం ఆగి అడుగుతారు. రెండు మామూలు సైకిళ్ళని ఎవరూ తల తిప్పి చూడరు, టాండెం ఆగితే పిల్లలు ముందు, వెనకే పెద్దవాళ్ళు. అడిగినవాళ్ళకి విషయం చెబితే కొంతమంది అక్కడికక్కడే ఇచ్చారు. రెండోది, వెనకవాడి చేతులు ఖాళీ. మొదటి యాత్రలో రాత్రి తొమ్మిదింటికి, కళ్ళు మూతలు పడుతుంటే, దాతలకి రాయడానికి కూర్చునేవాళ్ళం. రెండో యాత్రలో తేలికైన దారి మీద వాడు తొక్కుతూనే ఫొటోలు తీసేవాడు, మెసేజ్‌లు పంపేవాడు, వచ్చినవి నా వీపు వెనక నుంచి చదివి వినిపించేవాడు. ఒక మధ్యాహ్నం ఎదురుగాలిలో గంటకి పన్నెండు కిలోమీటర్లు కూడా పోలేక తిట్టుకుంటుంటే, చిన్నప్పటి టీచరు ఒకావిడ పంపిన చందాతో పాటు రాసిన మూడు వాక్యాలు చదివాడు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. గేరు ఒకటి పెంచాను, వాడు ఎందుకని అడగలేదు.

మీ తోడు వచ్చేవారికి చూపు లేకపోతే ఇక పోలికే అక్కర్లేదు, టాండెమే. పారాలింపిక్స్‌లో చూపు లేని క్రీడాకారులు పోటీపడేది దాని మీదే, ముందు కూర్చునే చూపున్న మనిషిని అక్కడ పైలట్ అంటారు.

అయితే మాట ఇచ్చి డబ్బు అడిగిన యాత్ర కాబట్టి ఒకటి ఆలోచించాలి. చెరో సైకిల్ అయితే ఒకరికి జ్వరం వచ్చినా రెండోవాళ్ళు పూర్తిచేస్తారు. టాండెం మీద ఒకరి మోకాలు పోతే ఇద్దరి యాత్రా అయిపోయినట్టే, ఖాళీ వెనక సీటుతో ఒక్కడే లాగడం కుదురుతుంది గానీ బరువుతో, గాలితో రోజుల తరబడి అది అయ్యే పని కాదు. అందుకే టాండెం మీద వెళ్ళేవాళ్ళు 'కిలోమీటరుకింత', అంటే తొక్కిన దూరాన్ని బట్టి దాత డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టుకోకపోవడం మంచిది. చందా ముందే తీసుకుని, ఇది పూర్తయినా కాకపోయినా సంస్థకే వెళ్తుందని చెప్పండి. బండి అద్దె, తిండి, పడక మీ జేబులోంచే అని కూడా మొదటి మెసేజ్‌లోనే రాయండి, లేకపోతే 'మా డబ్బుతో షికారా' అనే ప్రశ్న మూడో రోజుకల్లా వస్తుంది. మాకు వచ్చింది. లెక్క చూపించాక ఆయన ఇంకొంచెం ఇచ్చాడనుకోండి, అది వేరే సంగతి.

వచ్చే ఏడాదికి మళ్ళీ అనుకుంటున్నాం, ఇసుక తీరం, చదును దారి, కాబట్టి టాండెమే. ఈసారి ముందు సీటు తనకి కావాలంటున్నాడు మావాడు. ఆగినప్పుడు మొత్తం బండిని కాళ్ళ మీద నిలబెట్టాల్సింది ముందువాడే, అందుకే బరువైనవాళ్ళు ముందుండాలంటారు, వాడు నాకన్నా పదకొండు కిలోలు తక్కువ. ఆ మాట చెబితే, 'పదకొండు రోజులు నీ వీపు చూశాను బావా, ఒక్కరోజైనా సముద్రం చూడనీ' అన్నాడు. ఆదివారం ఖాళీ మైదానంలో వాణ్ణి ముందు కూర్చోబెట్టి చూస్తానని ఒప్పుకున్నా, హెల్మెట్ మాత్రం మర్చిపోను.