పీణ్యాలో ఎకరాలా, బళ్లారిలో గనా: ఏ షేరు మేలు?

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా మా బావది ఒకటే పాట. "వినరా, పీణ్యాలో ఆ పాత ఫ్యాక్టరీకి పదెకరాలుంది. కంపెనీ లెక్కల పుస్తకాల్లో ఆ స్థలానికి ఇంకా తాతల నాటి రేటే. షేరు చవగ్గా దొరుకుతోంది." నా కన్నేమో బళ్లారి వైపు ఇనుప ఖనిజం తవ్వే కంపెనీ మీద.

బావ లెక్కలో తప్పు లేదు. సొంత ఫ్యాక్టరీ స్థలాన్ని చాలా కంపెనీలు కొన్న ధరకే చూపిస్తాయి. ఎకరాకి 43,560 చదరపు అడుగులు, దాన్ని ఇప్పటి రేటుతో గుణిస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆ స్థలం నిజంగా కంపెనీదేనా? కేఐఏడీబీ (కర్ణాటక ప్రభుత్వ పారిశ్రామిక స్థలాల బోర్డు) వాడల్లో చాలా ప్లాట్లు లీజువే. కొన్నింటికి షరతులన్నీ తీరాకే సేల్ డీడ్. బ్రోకర్‌ని అడగడం కంటే వార్షిక నివేదికలో ఆడిటర్ రిపోర్టుకు జోడించిన అనుబంధం చదవడం నయం. దస్తావేజులు కంపెనీ పేరున లేని ఆస్తుల వివరాలు అక్కడ రాయాలి. మేమూ తీసి చూశాం. పదెకరాల్లో ఆరు లీజువి, మిగతా నాలుగు బ్యాంకు తాకట్టులో ఉన్నాయి. పైగా అమ్మే ఉద్దేశం యజమానులకు ఉన్నట్టు ఎక్కడా లేదు.

ఇక గని. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత లీజు వేలంలోనే వస్తుంది, 50 ఏళ్లకి. గడువు తీరితే మళ్లీ వేలం. కాబట్టి ఇక్కడ ఎకరాలు చూసి లాభం లేదు. ఎన్ని టన్నులున్నాయి, ఎన్నేళ్లు మిగిలాయి, వేలంలో ఎంత ప్రీమియం (ఖనిజం విలువలో రాష్ట్రానికి ఇచ్చే వాటా) పాడారు, ఇవి చూడాలి. పాత లీజులకైనా తలనొప్పి తప్పదు. బళ్లారి జిల్లా దోణిమలై గనిలో లీజు పొడిగింపుకి కర్ణాటక ప్రభుత్వం 80 శాతం ప్రీమియం అడిగేసరికి మన హైదరాబాద్ ఎన్ఎండీసీ 2018 నవంబరులో తవ్వకం ఆపేసింది. మళ్లీ మొదలైంది 2021లోనే. ప్రభుత్వ కంపెనీకే అలా జరిగింది! దానికి తోడు ఖనిజ హక్కులపై రాష్ట్రాలు పన్ను వేయొచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. 2005 ఏప్రిల్ నుంచి బకాయిలూ అడగొచ్చంది.

అయినా ఈ రెండింట్లో నాకు గనే నయం. ఏటా ఎంత వస్తుందో, ఎప్పటికి ఆగుతుందో కాగితం మీద లెక్క కట్టొచ్చు. అదే స్థలం అద్దెకిచ్చిందైతే నేనూ బావ పక్షమే. దాని మార్కెట్ విలువ వార్షిక నివేదికలో లెక్కల కింద ఇచ్చే నోట్స్‌లో ఇస్తారు, అద్దె కూడా చేతికొస్తుంది. ఈ ఫ్యాక్టరీకి మాత్రం ఆ నాలుగెకరాల్లోంచి అప్పు తీసేసి చూస్తే, షేరు చవకేం కాదు.