మాగ్నెట్ హోల్డర్‌తో నాలుగేళ్లు: నా ఫోన్లకి ఏమైంది, ఏం కాలేదు

"అయస్కాంతానికి అంటిస్తే ఫోన్ పాడైపోదా?" నా కారెక్కినవాళ్లలో సగం మంది అడిగే ప్రశ్న ఇదే. ఏసీ వెంట్‌కి తగిలించే మాగ్నెట్ హోల్డర్‌ని నాలుగేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నా. ఈలోగా ఒక ఫోన్ మార్చాను, ఒక హోల్డర్ విరిగింది. ఫోన్లో డేటా పోలేదు, స్క్రీన్ మీద మచ్చ రాలేదు. ఇబ్బంది పెట్టినవి వేరే ఉన్నాయి.

ఈ భయం పాత రోజుల నుంచి వచ్చింది. ఫ్లాపీలూ హార్డ్ డిస్కులూ సమాచారాన్ని అయస్కాంత గుర్తులుగానే దాచేవి. డబ్బా టీవీ పక్కన పెద్ద స్పీకర్ పెడితే తెర ఓ మూల ఊదారంగుకి తిరగడం చూసినవాళ్లు ఇప్పటికీ జడుస్తారు. అక్కడ బొమ్మ గీసేది ఎలక్ట్రాన్ల ధార కాబట్టి అయస్కాంతం దాన్ని పక్కకి లాగేసేది. ఫోన్ స్క్రీన్‌లో ఆ ధారే లేదు. మెమరీలో సమాచారం విద్యుదావేశంగా ఉంటుంది, హోల్డర్‌లోని మాగ్నెట్ దాన్ని ఏమీ చేయలేదు. ఆ మాటకొస్తే ఫోన్ స్పీకర్లోనే ఒక అయస్కాంతం ఉంది. 2020లో వచ్చిన ఐఫోన్ 12తో మొదలుపెట్టి ఆపిల్ ఏకంగా ఫోన్ వెనకే అయస్కాంతాల వలయం బిగించింది.

నన్ను నిజంగా భయపెట్టింది మాగ్నెట్ కాదు, దానికి అతుక్కోవడానికి ఇచ్చే ఇనుప బిళ్ళ. మొదటి ఫోన్‌కి దాన్ని కవర్ లోపల, సరిగ్గా మధ్యలో పెట్టుకున్నా. ఓ రాత్రి ఆ సంగతి మర్చిపోయి ఫోన్‌ని వైర్‌లెస్ చార్జర్ మీద పడేశా. అరగంటకి వచ్చి చూస్తే చార్జింగ్ 3 శాతం పెరిగింది, ఫోన్ మాత్రం చేత్తో పట్టుకోలేనంత కాలుతోంది. కవర్ ఊడదీస్తే లోపల బిళ్ళ ఆకారంలో గుండ్రంగా గుంట పడి ఉంది, అంచు చుట్టూ పసుపు రంగు. ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె వేడెక్కే పద్ధతే ఇది. చార్జర్‌లోని కాయిల్ పుట్టించే మారుతుండే అయస్కాంత క్షేత్రం బిళ్ళలో సుడి ప్రవాహాలు, అంటే గుండ్రంగా తిరిగే కరెంటు, రేపింది. అంటే ఫోన్‌కీ చార్జర్‌కీ మధ్య నేనొక బుల్లి గిన్నె పెట్టానన్నమాట. మధ్యలో లోహం ఉందని పసిగట్టి ఆగిపోయే చార్జర్లున్నాయి, నాది ఆగలేదు. అదే బిళ్ళ వల్ల ఫోన్ తాకించి డబ్బు కట్టడం కూడా ఒకసారి పనిచేస్తే రెండుసార్లు మొరాయించేది. బిళ్ళని కిందికి జరిపాక అది కాస్త నయమైంది. వలయం ఉన్న ఫోన్ కొన్నాక బిళ్ళతో పనే లేకుండా పోయింది.

ఫోన్‌లోని దిక్సూచి మాత్రం గ్యారంటీగా తప్పుతుంది. దారి చూపించేటప్పుడు పెద్దగా తెలియదు, ఎందుకంటే మనం ఎక్కడున్నామో చెప్పేది ఉపగ్రహాలు, కారు కదులుతుంటే దిశ కూడా ఆ కదలికను బట్టే తెలిసిపోతుంది. చిక్కంతా ఆగినప్పుడే. ఓసారి కారు పార్క్ చేసి మ్యాప్‌లో నీలం చుక్క ముందున్న వెలుగు ఎటు చూపిస్తే అటు నడిచా. 200 మీటర్లు పోయాక తెలిసింది, వెళ్తున్నది వెనక్కి అని. ఫోన్‌ని గాల్లో 8 అంకెలా తిప్పితే దారికొచ్చింది. చూసినవాళ్లు ఏమనుకున్నారో మరి.

కెమెరా సంగతి ఇంకొంచెం సున్నితం. చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా చూసే ఏర్పాటులో లెన్స్‌ని కదిలించేవి చిన్న అయస్కాంతాలూ కాయిళ్లే. అందుకే హోల్డర్‌లో ఉంచి తీసిన వీడియోల్లో అంచులు జెల్లీలా ఊగాయి. బయటికి తీస్తే మామూలే, శాశ్వతంగా ఏమీ దెబ్బతినలేదు. బైక్‌కి మాత్రం ఫోన్ బిగించను. పెద్ద మోటార్‌సైకిల్ ఇంజిన్ల అదురుకి ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని 2021లో ఆపిలే హెచ్చరించింది. అక్కడ తప్పు అదురుది, మాగ్నెట్‌ది కాదు.

బ్యాటరీకి అసలు శత్రువు వేడి. వెంట్ ముందు ఉంటే చల్లగాలి తగిలి ఎండాకాలం బాగుంటుంది, కానీ చలికాలం హీటర్ వేస్తే వేడంతా ఫోన్ వీపుకే. ఆ నెలల్లో ఆ ఒక్క వెంట్ మూసేస్తా.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు పక్క సీట్లో కూర్చుంటే ఫోన్‌ని వాళ్ల ఒళ్లో పెట్టను. అలాంటి పరికరాలకి తన ఫోన్లు 15 సెంటీమీటర్లకి పైగా, వైర్‌లెస్‌గా చార్జ్ అవుతుంటే 30 సెంటీమీటర్లకి పైగా దూరం ఉండాలని ఆపిల్ చెబుతోంది. వెనక నల్ల అయస్కాంత గీత ఉన్న కార్డుల్ని కూడా హోల్డర్ దగ్గరికి రానివ్వను.

ఇన్నాళ్లలో ఫోన్ కిందపడింది రెండేసార్లు. రెండుసార్లూ మాగ్నెట్ వదల్లేదు, ఫోన్‌ని గట్టిగా పట్టుకునే ఉంది. ఊడింది వెంట్ రెక్కని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్, రెండోసారికి విరిగే పోయింది. అందుకే కొత్తది కొనేటప్పుడు మాగ్నెట్ ఎంత బలమైనదో పట్టించుకోలేదు, మర బిగించే కొక్కెం ఉందా లేదా అని చూశా.