కార్పెట్ ప్యాడింగ్ గీకే పొడవు పిడి స్క్రేపర్: ఏ నేలకు పనికొస్తుంది, ఏ నేలకు వద్దు

అమెరికాలో పాత ఇల్లు కొన్నవాళ్లకు కార్పెట్ పీకడం పెద్ద పని కాదు. దాని కింద మెత్తదనం కోసం పరిచి, నేలను కరుచుకుపోయిన ఫోము పొర, అంటే ప్యాడింగే చేతులు నొప్పి పుట్టిస్తుంది. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే పొడవు పిడి రేజర్ స్క్రేపర్ ఈ పనికి కొనదగ్గదే. అయితే కాంక్రీటుకూ ప్లైవుడ్‌కూ మాత్రమే. హార్డ్‌వుడ్ మీద దాన్ని ఆనించొద్దు.

బ్లేడు 4 అంగుళాలది చాలు. 8 అంగుళాలదైతే పని త్వరగా తెములుతుందని చాలామంది దాన్నే కొంటారు. నేల ఎక్కడా పూర్తి చదునుగా ఉండదు కాబట్టి వెడల్పు బ్లేడు మిట్టల మీద ఆగి, పల్లాల్లోని ఫోమును వదిలేస్తుంది. పిడి 4 అడుగులకు తగ్గితే నడుము వంచక తప్పదు. తల ఇనుముదై కాస్త బరువుండాలి. చౌక రకాల్లో బ్లేడును బిగించిన మరలు అదురుకు వదులై బ్లేడు పక్కకు జరుగుతుంది; మధ్యమధ్య ఆపి బిగిస్తూ ఉండాలి.

గీకేముందు ఒక మూల ప్యాడింగ్ లేపి కింద ఏముందో చూడండి. 1980ల ముందు కట్టిన ఇంట్లో తారులాంటి నల్ల జిగురో, 9 అంగుళాల చదరపు టైల్సో కనిపిస్తే అక్కడితో ఆపేయండి. వాటిలో, దుమ్ముగా పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ల్యాబ్ పరీక్ష అయ్యేదాకా పొడిగా గీకడం, ఇసుక కాగితం పట్టడం రెండూ కూడదు.

ప్లైవుడ్ మీదైతే ముందు స్టేపుల్స్ అన్నీ పటకారుతో లాగేయాలి. ఒక్కటి మిగిలినా బ్లేడు అంచు విరుగుతుంది, విరిగిన ముక్క ఎగిరి కంటికి తగలొచ్చు. కళ్లకు రక్షణ అద్దాలు, మందపాటి చేతి తొడుగులు తప్పనిసరి. తర్వాత ప్యాడింగ్‌ను అడుగు వెడల్పు పట్టీలుగా కోసి, పైకి కాకుండా వెనక్కి మడిచినట్టు లాగితే ఎక్కువ భాగం ఊడొస్తుంది. జిగురు గీతల వెంట మిగిలిన మచ్చలకే స్క్రేపర్ కావాలి. బ్లేడును నేలకు దాదాపు పడుకోబెట్టి, పొట్టి తోపులతో నెట్టండి. నిటారుగా పట్టుకుంటే ప్లైవుడ్ పొర లేచిపోతుంది. ఫోము తెగకుండా చిరుగుతోందంటే బ్లేడు మొద్దుబారిందన్నమాట. బలం పెంచకుండా బ్లేడు తిప్పండి, లేదా మార్చండి. కాంక్రీటు పదునును త్వరగా తినేస్తుంది. స్క్రేపర్‌తో పాటు బ్లేడ్ల ప్యాకెట్ కొనకపోతే పని మధ్యలో ఆగిపోతుంది.

కాంక్రీటు మీద ఎండి పొడిగా రాలే ఫోముకు, కొద్దిగా గిన్నెలు తోమే సబ్బు కలిపిన వేడినీళ్లు చల్లి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి 15 నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది, దుమ్మూ లేవదు. చెక్క పేళ్లను జిగురుతో అదిమి చేసే ఓఎస్‌బీ పలకలకు మాత్రం నీళ్లు పడవు, అంచులు ఉబ్బుతాయి. అప్పటికీ జిగురు మిగిలితే సోయా ఆధారిత రిమూవర్ వాసన తక్కువతో బాగా పనిచేస్తుంది. కానీ దాని నూనె జిడ్డు నేలలో నిలిస్తే కొత్త జిగురు పట్టదు. డీగ్రీజర్‌తో కడిగి ఆరాక నాలుగు నీటి చుక్కలు వేయండి. చుక్క ముత్యంలా నిలిస్తే మళ్లీ కడగాలి, ఇంకిపోతే సరిపోయినట్టే.

హార్డ్‌వుడ్‌కు ప్లాస్టిక్ స్క్రేపర్, తడి గుడ్డ. గుడ్డను ఒకచోట కొన్ని నిమిషాలే ఉంచి, చెక్క రేఖల వెంటే గీకాలి. పని ఆలస్యమైనా చెక్క పాడవదు.